పెరుంబాక్కం చెరువు దగ్గర కనిపించిన సన్న తూనీగ ఏ జాతి? మ్యాప్‌లో చుక్క ఎక్కడ పెట్టాలి?

వేలచ్చేరి_వాణి:
అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున చెన్నైలో పెరుంబాక్కం చెరువు గట్టు మీద మా చెల్లెలు తీసిన ఫొటోలివి. అగ్గిపుల్ల కన్నా సన్నంగా ఉంది, పైనంతా నలుపు, తోక చివర మెరిసే నీలం. ఐనాచురలిస్ట్‌లో (ఫొటో పెడితే జాతి పేరు సూచించే సైట్) పెడితే ఇష్నూరా సెనెగలెన్సిస్ అంటోంది, దాని కిందే సూడాగ్రియాన్ మైక్రోసెఫలమ్ కూడా చూపిస్తోంది. పక్క గడ్డిలో నారింజ రంగుది ఇంకోటి ఉంది, అది వేరే జాతా? సెనెగల్ అంటే ఆఫ్రికా కదా, మరి బయటి నుంచి వచ్చిందని పెట్టాలా? ఫొటోలు నాకు వాట్సాప్‌లో వచ్చాయి, మ్యాప్‌లో చుక్కేమో వేలచ్చేరిలో మా ఇంటి మీద పడుతోంది.

గట్టుమీద_గోపి:
వాణి గారూ, మొత్తం పది కణుపులు, తోక కొసది పదోది అనుకుని వెనక్కి లెక్కపెట్టండి. ఎనిమిదోది చుట్టూ నీలంగా ఉండి, తొమ్మిదోదాని పైభాగం నల్లగా ఉంటే ఇష్నూరా సెనెగలెన్సిస్ మగది. మైక్రోసెఫలమ్ మగదానికైతే పైనుంచి చూసినా ఎనిమిది, తొమ్మిది రెండూ నీలమే, ఒంటి మీద కూడా నీలం చాలా ఎక్కువ. మీ రెండో ఫొటో పెద్దది చేసి చూశాను, పైన నీలం ఒక్క కణుపుకే ఉంది, ముందు రెక్క కొస దగ్గరి బుల్లి మచ్చ కూడా రెండు రంగుల్లో ఉంది, కాబట్టి నాకు డౌట్ లేదు. ఇష్నూరా రూబిలియో అయితే పొట్ట పసుపుగా ఉండేది. నారింజ రంగుది ఇదే జాతి లేత ఆడది కావచ్చు, వయసు పెరిగేకొద్దీ ఆ రంగు మాసిపోతుంది. కానీ ఆ ఒక్క ఫొటోతో తేల్చలేం, దాన్ని వేరే ఎంట్రీగా, జాతి చెప్పకుండా ఇష్నూరా అనే ప్రజాతి పేరు వరకే పెట్టి వదిలేయండి.

పళ్లికరణై_పాప:
బయటిదని మాత్రం పెట్టకండి అక్కా! 1842లో రాంబూర్ అనే కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరది. ఆఫ్రికా నుంచి మన దేశం మీదుగా జపాన్ దాకా సహజంగానే ఉన్న జాతి, కాస్త ఉప్పునీళ్లను కూడా తట్టుకుంటుంది.

చుక్క సంగతి దయచేసి తేలిగ్గా తీసుకోకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోలోని లొకేషన్ పోతుంది. చెల్లెల్ని ఒరిజినల్ ఫైల్ మెయిల్ చేయమనండి, అందులోనూ లేకపోతే గట్టు మీద ఆవిడ నిలబడిన చోటు అడిగి చేత్తో పెట్టండి, సరిగ్గా గుర్తులేకపోతే చుట్టూ ఉండే వృత్తాన్ని పెద్దది చేయండి. వేలచ్చేరిలో చుక్క ఉంటే రేపు ఎవరో దాన్ని నమ్మి అక్కడ వెతుకుతారు, పెరుంబాక్కంలో ఉన్నదేమో లెక్కలోకే రాదు. ఇది మామూలు జాతే కదా అని చాలామంది ఎక్కించరు, నాకు అదే బాధ. పక్కనున్న పళ్లికరణై చిత్తడి నేల 2022లో రామ్సర్ జాబితాలోకి (అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) వచ్చింది సరే, చుట్టుపక్కల చిన్న చెరువుల్లో ఏమేం బతుకుతున్నాయో రాసిపెట్టాల్సింది మనమే కదా.

వేలచ్చేరి_వాణి:
థాంక్స్ అండీ ఇద్దరికీ. ఒరిజినల్ వచ్చింది, లొకేషన్ ఉంది, చుక్క గట్టు దక్షిణం వైపుకి మార్చాను. నారింజ రంగుదాన్ని పక్క నుంచి తీసిన ఫొటో కూడా దొరికింది, ఇప్పుడే పెడుతున్నా, గోపి గారూ ఒకసారి చూడరా?