ఏటికొప్పాక లక్క సామాన్లకి ఫ్రీ శాంపిల్స్: ఎవరికి ఇస్తే పని అవుతుంది?

సీతమ్మధార లక్క
నమస్తే అండి. మా చిన్నాన్న వాళ్లది ఏటికొప్పాక. వాళ్లు చేసే కుంకుమ భరిణెలు, బొంగరాలు, గిలకలు, కొలువు బొమ్మలు తెచ్చి వైజాగ్‌లో అమ్ముతున్నాను. షాపు లేదు, ఇంటి నుంచే, వాట్సాప్ మీద. మధురవాడ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతి సంబరాలకి స్టాల్ ఇస్తామన్నారు. అద్దె వద్దట, బదులుగా ఇంటికొకటి చొప్పున 150 చిన్న వస్తువులు ఫ్రీగా పంచాలట. చిన్న బొంగరమైనా నాకు 22 రూపాయలు పడుతుంది, అంటే 3,300. ఇంకో ఆవిడ రీల్స్ చేస్తారు, కొలువు సెట్టు మొత్తం పంపితే వీడియో పెడతానన్నారు. ఆ సెట్టు 2,400. ఊరికే ఇచ్చిన వస్తువుకి విలువుండదని మా ఆయన. ఇవ్వకపోతే నీ సరుకు సంగతి ఎవరికి తెలుస్తుందని మా తోడికోడలు. మీరైతే ఏం చేస్తారు?

బీచ్‌రోడ్ బుజ్జి
ఇచ్చేయండక్కా, 150 ఇళ్లంటే మాటలా! ఇంకో ఐడియా. సంపత్ వినాయగర్ గుడికి కొత్త కార్లు పూజకి వస్తాయి కదా. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే చిన్న వినాయకుణ్ణి ఫ్రీగా ఇవ్వండి, కింద మీ నంబరుతో. రోజూ కళ్లెదురుగా ఉంటుంది.

ద్వారకానగర్ గిఫ్టులు
బుజ్జీ, ఆ డ్యాష్‌బోర్డు మాట మాత్రం వద్దు నాయనా. ఆ బొమ్మల్లో పసుపు రంగు నిజంగా పసుపుకొమ్ముతో వచ్చేదే. మన వైజాగ్ ఎండకి అద్దం వెనకాల పెడితే వేసవి దాటేసరికి వెలిసిపోతుంది. వెలిసిన బొమ్మ కింద ఈ అమ్మాయి నంబరు ఉంటే ఇంకేమైనా ఉందా?

అమ్మా, నాకు రిటర్న్ గిఫ్టుల కొట్టు ఉంది. శాంపిళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది, కాబట్టి తీసుకునేవాళ్ల వైపు నుంచి చెప్తాను. ఆ 150 ఇవ్వకు. బొంగరం వెళ్లేది పిల్లాడి చేతికి, భోగి సాయంత్రానికి అది ఏ సోఫా కిందో ఉంటుంది. ఆ ఇంట్లో రేపు గృహప్రవేశమైనా, సీమంతమైనా నువ్వు గుర్తుకు రావు. పైగా కవర్లో ఊరికే వచ్చిన బొంగరాన్నే నీ స్టాల్‌లో 60 పెట్టి ఎవరు కొంటారు? అద్దె ఎంతో కనుక్కుని డబ్బు కట్టెయ్. ఓ పది బొంగరాలు స్టాల్ ముందు పీట మీద పడేసి పిల్లల్ని తిప్పుకోనివ్వు. వాళ్లు కదలరు, వాళ్ల కోసం అమ్మానాన్నలూ నిలబడతారు. నీకు కావలసింది ఆ కాసేపే.

శాంపిల్ అంటూ ఇస్తే, ఒకటి చూసి యాభై, వంద చెప్పేవాళ్ల కంట పడేట్టు ఇవ్వాలి. ఏ ఇంట్లో శుభకార్యం ఉందో అందరికంటే ముందు తెలిసేది ఎవరికో చెప్పనా? బ్లౌజులు కుట్టే ఆవిడకి. కేటరింగ్ వాళ్లకి కూడా అంత ముందు తెలియదు. మీ చుట్టుపక్కల మంచి టైలరింగ్ షాపులు నాలుగైదు చూసుకుని తలా ఒక భరిణె ఇవ్వు. ప్యాక్ చేసి ఇవ్వకు, వాళ్లు లోపల పెట్టేస్తారు. కాస్త కుంకుమ పోసి, దేవుడి పటం దగ్గరో కొలతలు తీసే బల్ల మీదో నువ్వే పెట్టు. ఇప్పుడు ధనుర్మాసం, పెళ్లి ముహూర్తాలు లేవు. కానీ మాఘమాసం పెళ్లిళ్లకి బ్లౌజులు పడేది ఇప్పుడే. శ్రావణం నోముల కోసమైతే ఆషాఢంలో తిరగాలి.

ఏ సరుకు అమ్ముతావో అదే శాంపిల్‌గా ఇవ్వు, ఏరి ఏరి అందమైనది ఇవ్వకు. చెట్ల నుంచి తీసే రంగు కదా, వాయికీ వాయికీ తేడా వస్తుంది. ఆ ఎరుపే కావాలని వంద భరిణెలు తిప్పికొట్టే మహాతల్లులున్నారు, షేడ్ కొంచెం మారుతుందని ఇచ్చేటప్పుడే చెప్పు. మూత కూడా చూసుకో. అంకుడు కర్ర సరిగ్గా ఆరకుండా చేస్తే కొన్నాళ్లకి మూత వదులైపోతుంది. విజిటింగ్ కార్డులు ఎవరూ దాచుకోరు, అడుగున చిన్న స్టిక్కర్ అంటించు. టైలరు దగ్గర మాత్రం ఒక కాగితం ఉంచు: 25కి ఎంత, 50కి ఎంత, 100కి ఎంత, ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఆ చివరిది మరిచిపోకు. లేతు మీద కర్ర తిరుగుతుంటే లక్క ఒత్తి, ఆ రాపిడి వేడికి కరిగించి రంగు పట్టించే పని అది. రేపటికి వంద కావాలంటే మీ చిన్నాన్న ఎక్కణ్ణించి తెస్తాడు?

రీల్స్ ఆవిడకి సెట్టు ఇవ్వకు, అరువివ్వు. కొలువు మూడు రోజులు పెట్టుకుని కనుమ మర్నాడు తిరిగిచ్చేయమను. ముందు ఆవిడ వీడియోలు చూసేవాళ్లు ఏ ఊరివాళ్లో అడుగు. సగం మంది హైదరాబాదు, అమెరికా అయితే, కొరియర్ చెయ్యని నీకు ఒరిగేదేముంది?

అక్కయ్యపాలెం అకౌంట్స్
రెండు ముక్కలు. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, ఫ్రీగా ఇచ్చిన శాంపిల్స్ మీద ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు) రాదు, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్). రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ గొడవే లేదు, కానీ ఎవరికి ఏది ఇచ్చారో ఒక పుస్తకంలో రాసుకోండి, ప్రచారం ఖర్చు కింద చూపించొచ్చు. రెండోది, వస్తువు ఫ్రీగా తీసుకుని రీల్ చేస్తే అది ప్రకటన కిందే లెక్క. ఆవిడ ఆ సంగతి వీడియోలోనే చెప్పాలి, ప్రకటనల మండలి 2021లోనే ఈ రూల్ పెట్టింది.

సీతమ్మధార లక్క
చాలా థాంక్స్ అండి. స్టాల్‌కి అద్దె కడతామని ఫోన్ చేశాను, కమిటీలో అడిగి చెప్తామన్నారు. ఇంకో రెండు డౌట్లు. ఒక ప్లేస్కూల్ వాళ్లు గిలకలు శాంపిల్ అడిగి, ఐఎస్ఐ మార్కు ఉందా అన్నారు. నాకేం చెప్పాలో తెలియలేదు. రెండోది, టైలరు ఆవిడ కమీషన్ అడగదా?

అక్కయ్యపాలెం అకౌంట్స్
2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ తప్పనిసరి. కేంద్రం హస్తకళల విభాగంలో రిజిస్టరైన కళాకారులు తయారుచేసి అమ్మే వాటికీ, జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వాడుకోవడానికి పేరు నమోదైన అధీకృత వినియోగదారులు చేసే జీఐ వస్తువులకీ మినహాయింపు ఉంది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ వచ్చింది, కానీ అది ఊరికి వచ్చినంత మాత్రాన సరిపోదు. మీ చిన్నాన్నగారి పేరు మీద ఆర్టిజన్ కార్డు గానీ జీఐ నమోదు గానీ ఉందేమో చూడండి. ఉంటే స్కూలుకి ఆయన పేరుతోనే బిల్లు వెళ్లడం మంచిది, శాంపిల్‌తో పాటు జిరాక్స్ ఇవ్వండి. లేకపోతే స్కూలు జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ద్వారకానగర్ గిఫ్టులు
ఎందుకడగదమ్మా, అడుగుతుంది. భరిణెకి ఐదు రూపాయలు ముందే రేటులో కలిపేసుకో. డబ్బులొద్దంటే ఇంకో భరిణె ఇవ్వు, ఈసారి పసుపు పోసి. కుంకుమదీ పసుపుదీ పక్కపక్కన కనపడితే అడిగేవాళ్లు జత అడుగుతారు, నీకు వంద ఆర్డరు రెండొందలవుతుంది.