నాయన గుండెలో పాత మచ్చ నుంచి దడ వస్తాందంట, ఎట్ల?

చీనీతోట, అనంతపురం:
అన్నలూ అక్కలూ, మాది తాడిపత్రి పక్క పల్లె. నాయనకు రెండేండ్ల కింద గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేసినారు, మళ్లా తోటకు పోతానే ఉన్నాడు. పోయిన నెల మాపటేల అరుగు మీద కూర్చున్నోడు ఉన్నట్టుండి ఛాతీ పట్టుకున్నాడు, చొక్కా పైనుంచే గుండె కొట్టుకునేది కనపడతా ఉండింది, కండ్లు తిరిగినాయి. కర్నూలుకు తీసుకపోతే పాత పోటు మచ్చ దగ్గర్నే దడ, వీటీ (గుండె కింది గదుల్లో పుట్టే వేగమైన దడ) అంటారు అని అమియోడరాన్ మాత్ర రాసినారు, ఐసీడీ (దడను ఆపేదానికి ఒంట్లో పెట్టే చిన్న మిషను) పెట్టాల్సి వస్తుందన్నారు. అయాన్ ఛానెల్స్ అని కూడా ఒక మాటన్నారు. మచ్చంటే చచ్చిన కండే గదా, దాంట్లో కరెంటు యాడిది? ఛానెల్సే తప్పయితే వాటిని మూసే మాత్ర చాలదా?

కడప_పీజీ:
తమ్ముడూ, నేను ఫిజియాలజీ చదువుతాండా. మీ నాయన చేన్లో మడవ తిప్పేది చూసింటావు గదా, ఛానెల్స్ అట్లాంటి మడవలే, కణం గోడలో ఉంటాయి. సోడియం మడవ తెరుచుకుంటే కణం రగులుతుంది, కాల్షియం లోపలికొస్తే కండ ముడుచుకుంటుంది, పొటాషియం బయటికి పోతే మళ్లా నిమ్మళిస్తుంది, ఇదంతా దాదాపు 300 మిల్లీసెకన్లలోనే.

మచ్చ మొత్తం బండ కాదు. కొలాజెన్ అనే గట్టి పీచు మధ్యలో బతికిన కండ పోగులు కొన్ని మిగిలుంటాయి, వాటిల్లో సోడియం ఛానెల్స్ సరిగ్గా పనిచేయవు, కణాలను కలిపే కనెక్సిన్ 43 కూడా చెదిరింటుంది, అందుకే కరెంటు బండల సందుల్లో నీళ్లు పారినట్టు మెల్లగా పోతుంది, అవతలికి తేలేసరికి చుట్టూ ఉన్న కండ అప్పటికే ఒకసారి రగిలి తేరుకొని ఉంటుంది, దాన్ని మళ్లా రగిలిస్తుంది, అట్లే గిర్రున తిరుగుతానే ఉంటుంది. రీఎంట్రీ అంటారు. ఆ చొక్కా కింద నువ్వు చూసింది ఇదే అయ్యుంటుంది.

ఇంకోటి, మచ్చను నేసే ఫైబ్రోబ్లాస్టులు బతికిన కణాలే, వాటికీ ఛానెల్స్ ఉండాయి. గుండె సాగితే పీజో1 అనే ఛానెల్ తెరుచుకొని కాల్షియం లోపలికొస్తుంది (పీజోలను కనుక్కున్న ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో డేవిడ్ జూలియస్‌తో కలిపి నోబెల్ వచ్చింది), ట్రిప్‌ఎమ్7 అనేది కూడా అట్లే లోపలికి వదులుతుంది, ఆ కాల్షియంతో అవి మారిపోయి ఇంకా కొలాజెన్ పోస్తాయి. మచ్చ ఒకసారి పడి ఊరికే ఉండేది కాదనేది నాకైతే ఇక్కడే అర్థమైంది.

మూసే మాత్ర సంగతి: 1989లో అమెరికాలో కాస్ట్ అనే ట్రయల్‌లో పోటు వచ్చినోళ్లకు సోడియం ఛానెల్స్ మూసే ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ ఇచ్చినారు. ఎక్స్‌ట్రా బీట్లు తగ్గినాయి, చావులు మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నోళ్లకంటే పెరిగినాయి. ముందే మెల్లగా పోయే దారిని ఇంకా మెల్లగా చేస్తే తిరిగేదానికి వీలు పెరుగుతుంది. అందుకే మీ నాయనకు అమియోడరాన్, అది చాలా ఛానెల్స్‌ను కొద్దికొద్దిగా పట్టుకుంటుంది, కాకపోతే థైరాయిడ్, లివర్ టెస్టులు చేయించండి, ఊపిరి ఆడకపోతే వెంటనే చెప్పండి.

కర్నూలు_సుజాత:
మా అమ్మది ఏఎఫ్ (గుండె పై గదుల్లో లయ తప్పే జబ్బు), నీళ్లమాత్ర (ఒంట్లో నీరు దించేది) వేసుకుంటాది. పోయిన ఎండాకాలం విరేచనాలు పట్టుకున్నప్పుడు పొటాషియం పడిపోయి దడ ఎక్కువైంది. మీ నాయన కూడా నీళ్లమాత్ర వేసుకుంటాంటే అట్లాంటప్పుడు రక్తపరీక్ష చేయించు నాయనా. కండ్లు తిరిగి పడిపోతే మాత్రం ఇంట్లో కూర్చోపెట్టుకోవద్దు, 108కి ఫోన్ చేయి.

చీనీతోట, అనంతపురం:
అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. నీళ్లమాత్ర సంగతి చూసినా, నాయన చీటీలో అదీ ఉండాది. సోమవారం పొటాషియం, థైరాయిడ్ రెండూ చేయిస్తాం. ఐసీడీ మచ్చను పోగొడుతుందా?

కడప_పీజీ:
పోగొట్టదు తమ్ముడూ. ఆ తిరిగే కరెంటును పేసింగ్‌తోనో (వేగంగా ఇచ్చే చిన్న కరెంటు దెబ్బలు) షాక్‌తోనో ఆపుతుంది, అంతే. మాటిమాటికి షాకులు వస్తాంటే అబ్లేషన్ గురించి అడుగు, ఆ సన్న సందునే కాల్చి మూసేస్తారు.