వీడియో పోకర్‌కు ఎంత డబ్బు పక్కన పెట్టుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి

పెన్నగట్టు (నెల్లూరు):
ఈ వేసవిలో అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళుతున్నాం. లాస్‌వేగాస్ కూడా చూపిస్తానన్నాడు, అక్కడ రెండు సాయంత్రాలు ఉంటాం. సంక్రాంతికి బంధువులమంతా కూర్చుని పేకాడటం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. అక్కడి వీడియో పోకర్ యంత్రాలు పేక తెలిసినవాళ్లకు నప్పుతాయని విన్నాను. ఎంత తీసుకెళ్లాలి, ఎప్పుడు లేవాలి అన్నది ఇక్కడే తేల్చుకుని బయలుదేరాలని ఉంది. లెక్క చూపకుండా ఒక్క డాలరు కూడా పెట్టనని మా ఆవిడకు మాట ఇచ్చాను.

ఒంగోలు గిత్త (ప్రస్తుతం నెవాడాలో):
అన్నగారూ, డబ్బు సంగతి తరువాత. ముందు యంత్రం మీద కనిపించే చెల్లింపుల పట్టిక చదవండి. మీరు మొదలుపెట్టాల్సింది ‘జాక్స్ ఆర్ బెటర్’ అనే రకం. తెర మీద ఐదు ముక్కలు వస్తాయి, కావలసినవి ఉంచి మిగతావి ఒకసారి మార్చుకోవచ్చు. ఇందులో జాకీల జత గానీ అంతకన్నా పెద్దది గానీ పడితే పందెం వెనక్కి వస్తుంది. పట్టికలో ఫుల్‌హౌస్ (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు), ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తువి) అనే రెండు వరుసలు చూడండి. ఒక్కో నాణేనికి 9, 6 ఇస్తుంటే పొరపాటు లేకుండా ఆడేవారికి దీర్ఘకాలంలో వందకు 99.54 తిరిగి వస్తుంది. 8, 5 అయితే 97.30. 6, 5 అయితే 95. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, తేడా అంతా ఆ రెండు అంకెల్లోనే.

ఇక లెక్క. పావు డాలరు నాణేలు ఐదు వేస్తే ఒక్కో ఆటకు 1.25 డాలర్లు. తీరిగ్గా ఆడినా గంటకు 400 ఆటలు అవుతాయి. అంటే గంటలో మీరు కాసే పందేలు మొత్తం 500 డాలర్లు! జేబులో 100 మాత్రమే ఉన్నా ఆ వందే తిరిగి తిరిగి పందెంలోకి వెళుతుంది. సగటున పోయేది మొదటి యంత్రంలో గంటకు 2.30 డాలర్లు, మూడో దాంట్లో 25. అదే కుర్చీ, అదే ముక్కలు, నష్టం మాత్రం పదింతలు. అందుకే పట్టిక చూడకుండా బడ్జెట్ వేయడం వృథా అంటాను.

కావలి కోడలు:
గిత్త గారు చెప్పిన 2.30 విని ఎవరూ ధైర్యపడకండి. తిరిగి వచ్చే ఆ 99.54లో రాయల్ ఫ్లష్ (ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు) వాటా దాదాపు 2 శాతం ఉంది. అది సుమారు 40,000 ఆటలకు ఒకసారి పడుతుంది. గంటకు 400 చొప్పున 100 గంటలు! రెండు సాయంత్రాల్లో అది పడకపోవడమే సహజం. పడని పూట ఎంత మంచి యంత్రం అయినా గంటకు 12 డాలర్ల దాకా తినేదే. దాని మీద ఎగుడుదిగుళ్లు వేరు. గంటలో యాభై డాలర్లు పోవడం, యాభై రావడం రెండూ మామూలే.

మా ఇంట్లో పద్ధతి చెబుతాను. సాయంత్రానికి ఒక కవరు, అందులో ఒక్కో ఆట పందేనికి రెండు వందల రెట్లు. మీ లెక్కకు 250 డాలర్లు. రెండు సాయంత్రాలకు రెండు కవర్లు, రెండోది గదిలో బీరువాలోనే ఉండాలి. కవరులో పెట్టిన రోజే ఆ డబ్బు ఖర్చు కింద రాసేస్తాం, విమానం టికెట్టు రాసినట్టే. మిగిలితే తెచ్చుకుంటాం. బ్యాంకు కార్డు మా వారి దగ్గర ఉండదు, నా దగ్గరా ఉండదు, ఆ పూట మా అమ్మాయి దగ్గర ఉంటుంది.

పెన్నగట్టు (నెల్లూరు):
కార్డు సంగతి బాగుంది తల్లీ, అబ్బాయికి ఇచ్చేస్తాను. మరి తక్కువ పోవాలంటే ఒక్కో నాణెం వేసి ఆడితే సరిపోదా?

ఒంగోలు గిత్త (ప్రస్తుతం నెవాడాలో):
అది చాలామంది చేసే పని, వద్దు. రాయల్‌కు ఒకటి నుంచి నాలుగు నాణేల వరకు నాణేనికి 250 చొప్పున ఇస్తారు. ఐదు వేస్తే నాణేనికి 800, మొత్తం 4,000. తగ్గించుకోవాలంటే నాణెం విలువ తగ్గించండి, సంఖ్య కాదు. డాలరు యంత్రంలో ఒకటి వేయడం కన్నా పావు డాలరుది వెతికి ఐదు వేయడం మేలు.

చీమకుర్తి:
ఇంత లెక్క అవసరమా? పోయిన కొద్దీ పందెం రెట్టింపు చేస్తూ వెళితే ఎప్పుడో ఒకప్పుడు పెద్దది పడి అన్నీ కలిసివస్తాయి. చాలాసేపు ఏమీ పడని యంత్రం ఇక ఇవ్వక తప్పదు కదా.

కావలి కోడలు:
తమ్ముడూ, యంత్రానికి జ్ఞాపకం లేదు. ప్రతి ఆటకూ 52 ముక్కలూ కొత్తగా కలిసి వస్తాయి. అసలు పేకకట్టలో ఎంత అవకాశం ఉంటుందో తెర మీదా అంతే ఉండాలని లాస్‌వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో నిబంధనే ఉంది. పందెం రెట్టింపు చేస్తే పెరిగేది పోయే వేగం. 1.25తో మొదలుపెట్టి వరుసగా ఏడుసార్లు రెట్టిస్తే ఎనిమిదో ఆటకు 160 డాలర్లు కాయాలి. అంతవరకు వెళితే 250 కవరులో మిగిలేది 91.25 డాలర్లే, ఆ పందేనికే చాలదు. ఈ మాట నమ్మి ఎవరూ డబ్బు పెట్టకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పొగాకు రైతు (కందుకూరు):
లాస్‌వేగాస్ వెళ్లేవారికి చెప్పేది బాగానే ఉంది. మా పక్క ఊళ్లలో సంగతి వేరు, అది కూడా ఇక్కడ ఉండాలి. వేలం డబ్బు ఖాతాలో పడిన వారమే ఫోనులో పేకాట ఆడి పోగొట్టుకున్న కుటుంబం మా వీధిలోనే ఉంది. కౌలు కట్టడానికి, పిల్ల ఫీజుకు ఉంచిన డబ్బు. అక్కడ కవరు పద్ధతి నిలవదు. ఖాతా, ఆట రెండూ ఒకే ఫోనులో ఉంటాయి, అర్ధరాత్రి వేలు నొక్కితే చాలు. మన రాష్ట్రంలో 2020 నుంచే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. అయినా పేరు మార్చి లింకులు వస్తూనే ఉన్నాయి. దయచేసి ఈ చర్చ చదివి ఎవరూ ‘బడ్జెట్ వేసుకుని’ ఆ లింకులు నొక్కకండి.

ఇంట్లో ఎవరైనా ఇందులో చిక్కుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ కుటుంబానికి ఈ నంబరు నేనే ఇచ్చాను.

పెన్నగట్టు (నెల్లూరు):
రైతు గారూ, చెప్పి మంచి పని చేశారు. నా ఫోనులో అలాంటివి లేవు, రానివ్వను. ఇంకొక్క సందేహం. గెలిచినప్పుడు లేవడం ఎలా? ఓడినప్పుడు కవరే లేపుతుంది.

ఒంగోలు గిత్త (ప్రస్తుతం నెవాడాలో):
డబ్బు వెనక్కి తీసుకునే మీట నొక్కితే యంత్రం చీటీ ఇస్తుంది. కవరులో పెట్టిన దానికి సగం పైన లాభం కనిపించగానే ఆ మీట నొక్కండి. ఆ చీటీ మళ్లీ యంత్రంలోకి వెళ్లకూడదు. చొక్కా జేబులో పెట్టుకుని నేరుగా కౌంటరుకు వెళ్లి నోట్లు చేసుకోండి, వాటిని వదినగారికి ఇవ్వండి. ఇంకా ఆడాలనిపిస్తే కవరులో మిగిలిన దానితోనే. మద్యం ఉచితంగా తెచ్చిపెడతారు, ఆట అయ్యేదాకా ముట్టుకోకండి.

ఆట గురించి కూడా ఒక్క మాట. ఆఠీను జాకీ, కళావరు జాకీ వచ్చి, వాటిలో ఒకదానితో కలిపి ఒకే గుర్తువి, వరుస కుదరనివి నాలుగు ముక్కలు కనిపించాయనుకోండి. చెయ్యి ఫ్లష్ వైపు లాగుతుంది. జాకీల జతే ఉంచి మిగతా మూడూ మార్చండి. జత చిన్నదైతే మాత్రం నాలుగు ముక్కలు ఉంచి ఫ్లష్‌కు వెళ్లండి. జత పక్కన ఆసు ఉందని దాన్ని పట్టుకుని కూర్చోకండి. ఏది ఉంచాలో రాసిన చిన్న కార్డులు అక్కడి దుకాణాల్లో అమ్ముతారు, పెట్టుకుని ఆడినా ఎవరూ ఏమీ అనరు. బయలుదేరే ముందు డబ్బు లేని ఆటలో కొన్నాళ్లు చెయ్యి తిప్పుకోండి.

కావలి కోడలు:
గడియారం కూడా పెట్టుకుని వెళ్లండి అన్నయ్యా. ఆ హాళ్లలో గోడ గడియారం కనిపించదు.