అప్‌డేట్: రష్యన్ ‘దేవెర్’, సంస్కృత ‘దేవర’ సంగతి తేలింది

రష్యన్‌లో భర్త సోదరుణ్ణి ‘దేవెర్’ అంటారు, ఇది మరిది అనే అర్థమున్న మన సంస్కృత ‘దేవర’ నుంచి వెళ్లిందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. గ్రీకు, లాటిన్ కూడా చూడమన్న సలహాతోనే ముడి వీడింది.

లిథువేనియన్‌లో ‘దియెవెరిస్’, గ్రీకులో ‘దాయేర్’, లాటిన్‌లో ‘లేవిర్’. లాటిన్‌లో ద పోయి ల రావడం నాకు వింతగా అనిపించింది. కానీ కన్నీటికి ‘లాక్రిమా’ అన్న మాటలోనూ అదే జరిగిందని మా భాషాశాస్త్రం లెక్చరర్ చూపించారు. అంటే ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు. అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ మూలం (ఈ భాషలన్నిటికీ ఉమ్మడి పూర్వభాష) పిల్లలు. రష్యన్, పోలిష్, సెర్బియన్‌లకు తల్లి అయిన తొలి స్లావిక్‌కు ఆ మాట వారసత్వంగా వచ్చింది.

‘ద్వితీయ వరుడు’ (రెండో వరుడు) కాబట్టి దేవర అన్న నిరుక్తం (మాటల పుట్టుక చెప్పే యాస్కుడి పాత గ్రంథం) వివరణ ఇక్కడ పనికిరాదు (నేను దాన్నే పట్టుకుని వేలాడాను!). రష్యన్‌లో తలుపును ‘ద్వేర్’ అంటారు, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

ఒక తేడా: రష్యన్ దేవెర్‌లో మన మరిదీ, బావగారూ ఇద్దరూ వస్తారు. సెర్బియా పెళ్లిళ్లలో వధువు వెన్నంటి ఉండేవాడూ ‘దేవెర్’ అట. పోలిష్ వాళ్లు మాత్రం పాత మాట వదిలేసి, జర్మన్ నుంచి తెచ్చుకున్న ‘ష్వాగియెర్’ వాడుతున్నారు.