ఆబిడ్స్‌లో కొన్న మాయాబజార్ పోస్టర్ నిజంగా 1957 నాటిదేనా?

రాంనగర్ రీలు:
మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కింద మడతపెట్టిన మాయాబజార్ పోస్టర్ ఒకటి దొరికింది. ‘1957దే, ఒరిజినల్’ అన్నాడు అమ్మేవాడు, బేరమాడితే 3,500కి ఇచ్చాడు. సినిమా బ్లాక్ అండ్ వైట్, పోస్టరేమో రంగుల్లో ఉంది, 2010లో రంగులేసి మళ్లీ రిలీజ్ చేసినప్పటిదేమో అని డౌట్. మడతల దగ్గర చిరుగుతోంది, వెనక ఎవరో సెల్లోటేప్ వేశారు. లామినేషన్ చేయించి నాన్నకి ఇద్దామని ఉంది, ఆయనకి ఈ సినిమా అంటే ప్రాణం. తెలిసినవాళ్లు చెప్పండి.

కాగితం పిచ్చి:
లామినేషన్ మాత్రం వద్దు తమ్ముడూ, దండం పెడతా. వేడికి ప్లాస్టిక్ అంటుకుందంటే మళ్లీ కాగితాన్ని విడదీయలేం, నేను ఇలాగే ఒక మంచి పోస్టర్ పోగొట్టుకున్నా, ఇప్పటికీ బాధే.
రంగుల్ని బట్టి ఏమీ తేలదు, బ్లాక్ అండ్ వైట్ సినిమాలకీ రంగుల పోస్టర్లే వేసేవాళ్లు. కింద అంచున చిన్న అక్షరాల్లో ప్రెస్ పేరు, అడ్రసు ఉందేమో చూడు. మన దేశంలో పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న, కాబట్టి ఆరంకెల నంబరుంటే ఆ తర్వాత వేసినదే. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాతది.

నైజాం టాకీస్:
భూతద్దంతో కూడా చూడండి. రాతి మీద చేత్తో గీసి అచ్చేసిన పాత లిథో అయితే క్రేయాన్‌తో గీసినట్టు గరుకుగా కనిపిస్తుంది, ఫొటో తీసి ప్లేటు మీంచి మెషిన్లో అచ్చేసే ఆఫ్‌సెట్ అయితే వరసగా చుక్కలు. ఈమధ్య ఇంక్‌జెట్‌లో ప్రింట్ తీసి టీ నీళ్లతో పాతబరిచేవాళ్లు కూడా ఉన్నారు, వాటిలో చుక్కలు చిందరవందరగా ఉంటాయి, పసుపు మరకలు మరకల్లాగే ఉంటాయి గానీ నిజంగా పాతబడ్డ కాగితంలోలా అంచుల నుంచి లోపలికి పాకినట్టు ఉండవు.

రాంనగర్ రీలు:
చూశాను అన్నా. మద్రాసు ప్రెస్సే, కానీ పక్కన 600తో మొదలయ్యే ఆరంకెల పిన్ ఉంది. భూతద్దంలో వరస చుక్కలే. అంటే 72 తర్వాత రీరన్‌కి వేసిందన్నమాట. కాసేపు మనసు చివుక్కుమంది. నాన్నకి చెబితే, తను ఈ సినిమా మొదటిసారి చూసింది రీరన్‌లోనే, అప్పుడు తనకి పన్నెండేళ్లట, పోస్టర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంక ఒరిజినల్ కోసం వెతకను. ఆ టేపు పీకెయ్యనా?

కాగితం పిచ్చి:
పీకకు, సిరా కూడా ఊడొస్తుంది. దానికి కాగితాలు బాగుచేసేవాళ్లకే చూపించాలి. అప్పటిదాకా మడతలు విప్పి, యాసిడ్ లేని కాగితాల మధ్య పరిచి బీరువాలో పెట్టు. ఫ్రేమ్ కడితే అద్దం కాగితానికి తగలకుండా కట్టించు, ఎండ పడే గోడకి అసలు వద్దు.