రాత్రి ఫోన్లు బీరువల పెడితే నర్సింగ్ పిల్లల టెన్షన్ తగ్గుతదా?

పరకాల నాన్న: మా బిడ్డ హన్మకొండ దిక్కు బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్ చదువుతున్నది. హాస్టల్ల రాత్రి తొమ్మిది కొట్టంగనే వార్డెన్ ఫోన్లు తీసుకొని బీరువల పెడుతున్నరు. రీల్స్ చూసుకుంట నిద్ర పోతలేరు, అందుకే వార్డుల టెన్షన్ పడుతున్నరని మీటింగుల చెప్పిన్రు. నాకు సబబే అనిపిస్తున్నది. బిడ్డ మాత్రం ఇంటికొస్తనని ఒకటే ఏడుపు. మీరేమంటరు?

మడికొండ సిస్టర్: అన్నా, మేం జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చేసిన్నాడు చేతుల ఫోన్లు లేవు. టెన్షన్ తక్కువున్నదా? పొద్దున వార్డు, మధ్యాహ్నం క్లాసు, రాత్రి ఏ పేషెంటుకు ఏం సేవ చెయ్యాలెనో రాసే కేర్ ప్లాన్లు, మందుల వివరాలు రాసే డ్రగ్ బుక్కు. ప్రొసీజర్ బుక్కుల సంతకం కోసం మేడం ఎంబడి తిరుగుడు అదొక డ్యూటీ. వరంగల్ ఎంజీఎం అసొంటి పెద్ద దవాఖానకు ములుగు, భూపాలపల్లి, మానుకోట నుంచి కేసులు వస్తయి. ఇరవై ఏండ్లు నిండని పిల్ల అసొంటి వార్డుల మొదటిసారి నిలబడితే కాళ్లు వణుకుతయి. దానికి ఫోనా కారణం?

ట్యూటర్ మేడం: పాఠం చెప్పే మనిషిని కాబట్టి చెప్తున్నా. అమ్మకు ఐదు నిమిషాలు, రీల్స్‌కు రెండు గంటలు, ఇదీ అసలు లెక్క. రాయని కేర్ ప్లాన్ పొద్దున అలాగే ఉంటుంది. టెన్షన్‌ను ఎలా తట్టుకోవాలో రాసిన సైకాలజిస్టులు లాజరస్, ఫోక్‌మన్ చెప్పినట్టు సమస్యను పట్టుకుని తేల్చుకోవాలి.

థర్డ్ ఇయర్: మేడం, వాళ్లిద్దరు 1984లనే రెండు తొవ్వలు చెప్పిన్రు, మీరు ఒక్కటే చెప్తున్నరు. మార్చగలిగేదైతే సమస్యను పట్టుకోవాలె. మార్చలేనిదైతే మనసును సముదాయించుకోవాలె. నేను మొదటిసారి డెడ్ బాడీ కేర్ చేసిన్నాడు ముక్కుల దూది పెట్టిన, దవడకు బ్యాండేజీ కట్టిన, కాళ్ల బొటనవేళ్లు రెండు కలిపి కట్టిన. పొద్దుగాల నన్ను "బిడ్డా, చాయ్ దొరుకుతదా" అని అడిగిన ముసలాయనే. మెస్సుల ముద్ద దిగలే. దానికి ఏ కేర్ ప్లాన్ రాయాలె? ఆ రాత్రి అమ్మతోని మాట్లాడిన, అంతే. మనసు బాగలేకపోతే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు చెయ్యుమని మా నోటీసు బోర్డు మీద రాసిన్రు. ఫోన్ బీరువల ఉంటే ఎట్ల చేస్తం?

మడికొండ సిస్టర్: గదే నేననేది. డ్యూటీ అయినంక మేడంతోని కూసునే మీటింగు, పోస్ట్ కాన్ఫరెన్స్ ఉంటది కదా, అది హాజరు, అసైన్‌మెంట్లతోనే ఒడుస్తది. ఆ రోజు ఎవరి చెయ్యి వణికిందో అడిగిన మేడం నాకు ఒక్కరే గుర్తు.

ట్యూటర్ మేడం: అడగాలని మాకూ ఉంటుంది. బ్యాచ్ మొత్తానికి నేనొక్కదాన్ని, చూసుకోవాల్సింది రెండు వార్డులు. రూల్ సడలిస్తే మాత్రం తెల్లవార్లూ ఫోన్ పట్టుకునేవాళ్లే ఎక్కువ, చూస్తూనే ఉన్నాం.

పరకాల నాన్న: అయితే వార్డెన్‌ను ఏమడగాలె? ల్యాండ్‌లైన్ పెట్టుమననా?

మడికొండ సిస్టర్: పెడితే వార్డెన్ గది ముంగటనే పెడతరు. అక్కడ నిలబడి ఎవరు మనసు విప్పుతరు అన్నా? పదకొండు దాక ఉంచి తర్వాత తీసుకొమ్మను. పరీక్షలప్పుడు పది చేసినా సరే. నైట్ డ్యూటీ పిల్లలకు మాత్రం ఆ రూలే వద్దను, వాళ్లు పండుకునేదే పగటీలి.