ఐదెకరాల ఎర్రనేల, ఒకే బోరు: ఆవులు, గొర్రెలు, షేడ్‌నెట్‌లలో దేనితో మొదలుపెట్టాలి?

కళ్యాణదుర్గం మెట్ట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర మాకు ఐదెకరాల మెట్ట పొలం ఉంది. జానెడు లోతు దాటితే గులకరాయి తగిలే ఎర్రనేల. మా తాత కాలం నుంచి ప్రతి ముంగారు (ఖరీఫ్)లోనూ వేరుశనగే వేస్తున్నాము. మధ్యలో కంది సాళ్ళు పెట్టడం మాత్రం మా నాయన ఎప్పుడూ మానలేదు. గత ఏడాది నేను బెంగళూరు ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చాను. ఇకపై ఒకే పంట మీద ఆధారపడకుండా, పశువుల ఎరువుతో నేలను మళ్ళీ సారవంతం చేసుకుంటూ, నలుగురున్న మా కుటుంబమే చేసుకోగలిగినంత సేద్యం చేయాలని అనుకుంటున్నాను.

నా ఆలోచన ఇది: రెండు నాటు ఆవులు, ఇరవై గొర్రెలు, పన్నెండు సెంట్లలో పాలీహౌస్ (పాలిథిన్ కప్పు పందిరి) లేదా షేడ్‌నెట్ (నీడ వల పందిరి), పావు ఎకరంలో సూపర్ నేపియర్ గడ్డి, మిగిలిన భూమిలో వేరుశనగ, కంది, చిరుధాన్యాలు. బోరు గంటకు సుమారు 4,000 లీటర్లు పోస్తుంది. మూడు గంటల తర్వాత నీరు తగ్గిపోతుంది. చేతిలో ఉన్న డబ్బుతో అన్నీ ఒకే ఏడాది మొదలుపెట్టలేను. పాలీహౌస్‌తో మొదలుపెడితే ఆదాయం త్వరగా వస్తుందని కొందరు, ముందు జీవాలను కొనమని మరికొందరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు ఏ వరుసలో వెళ్ళమంటారు?

కదిరి షేడ్‌నెట్ రైతు (సమాధానం)

గాలి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు. మన ప్రాంతంలో గాలిమరలను ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు వరకు పడమటి నుంచి, నైరుతి నుంచి వీచే గాలి రోజుల తరబడి ఆగదు. నేను వేసవిలో షేడ్‌నెట్ వేయించాను. ఆషాఢం వచ్చేసరికి పడమటి వైపు నెట్టు క్లిప్పుల దగ్గర చినగడం మొదలై, పది రోజుల్లో సగం కప్పు ఎగిరిపోయింది. వేసినవారిని అడిగితే గాలికి తాము బాధ్యులం కామని అన్నారు. అప్పటి నుంచి నేనే సూది, నైలాన్ దారం పట్టుకుని కుట్టుకుంటున్నాను.

అందువల్ల నెట్టు కంటే కనీసం రెండేళ్ళ ముందు పడమటి గట్టు మీద చెట్లు నాటండి. గిరిపుష్పం, అవిశ, వేప, కానుగ కలిపి రెండు వరుసలు వేస్తే చాలు. గోడ కట్టకండి, గోడను దాటిన గాలి అవతల సుడి తిరుగుతుంది. గాలిని కొంత తనలోంచి పోనిచ్చే చెట్ల వరుసే దాని జోరును తగ్గిస్తుంది, తన ఎత్తుకు దాదాపు పది రెట్ల దూరం వరకు కాపాడుతుంది. పైగా గిరిపుష్పం రొట్ట ఎరువుకు, అవిశ ఆకు జీవాల మేతకు ఉపయోగపడతాయి.

పాలీహౌస్ ఆలోచన మానుకోవడం మంచిది. గాలి సరిగా ఆడని పాలీహౌస్‌లో వేడి బయటి కంటే పెరుగుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో టమోటా పూత నిలవదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితేనే పిందె కట్టడం తగ్గిపోతుంది.

డోన్ పశుపోషకుడు (సమాధానం)

మీరు వేసుకున్న లెక్క ఆగస్టు లెక్క. మెట్టలో పశువులు పెంచేవాడు మే నెల లెక్క వేసుకోవాలి. నేను ఇరవై ఏళ్ళుగా గొర్రెలు, ఆవులు పెంచుతున్నాను. పశువులను అమ్ముకోవలసి వచ్చిన రెండుసార్లూ అది వేసవిలోనే.

మీ బోరు రోజుకు మూడు గంటలు పోస్తే 12,000 లీటర్లు వస్తాయి. పావు ఎకరం నేపియర్ గడ్డికి ఎండాకాలంలో రోజుకు 6,000 నుంచి 7,000 లీటర్లు కావాలి. పన్నెండు సెంట్ల షేడ్‌నెట్ కూరగాయలకు 2,000 లీటర్లకు పైన పోతాయి. రెండు ఆవులు, ఇరవై గొర్రెలు కలిసి తాగేది 220 లీటర్లు మాత్రమే. ఇల్లు, నారు, కొత్తగా నాటిన చెట్లు కలిపితే 10,000 దాటుతుంది. బోరు నిండుగా ఉన్నప్పుడు ఇది సరిపోతుంది. మేలో నీరు సగానికి పడిపోతే మీ గడ్డి ఒక్కటే దాన్నంతా తాగేస్తుంది, షేడ్‌నెట్‌లోని పంట ఎండిపోతుంది. ఏదో ఒకటి వదులుకోవలసిన ఆ రోజున మీరు దేన్ని వదులుతారో ఇప్పుడే నిర్ణయించుకోండి.

ఇక మేత లెక్క. ఆవుకు రోజుకు 20 కిలోలకు పైగా పచ్చిమేత, గొర్రెకు 3, 4 కిలోలు అనుకుంటే మొత్తం 120 కిలోల దాకా కావాలి. నీరు బాగా అందితే ఎకరం నేపియర్ ఏడాదికి 100 టన్నులకు పైగా కోతనిస్తుంది. పావు ఎకరానికి రోజుకు 70 కిలోలు పడుతుంది, అదీ నీరు అందితేనే. కాబట్టి నేపియర్‌ను పది సెంట్లకు తగ్గించండి. దాని స్థానంలో నీరు పెద్దగా అడగని మేతను పెంచండి: గట్ల మీద సుబాబుల్, అవిశ, పొలంలో మేత జొన్న, అలసంద, ఉలవ. ఏప్రిల్, మే నెలల్లో విత్తనాలను బంకమట్టి, బూడిద, ఘన జీవామృతం (ఆవు పేడతో చేసే ఎరువు)తో ఉండలుగా చేసి నవధాన్యాలను ముందుగా చల్లడం మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయంలో ఇప్పుడు మామూలయింది. ఒక్క తొలకరి వానకే మొలిచి నేలను కప్పుతాయి. యాభై, అరవై రోజుల్లో సగం మేతకు కోసుకుని సగం నేలలో కలిపేసి ప్రధాన పంట వేసుకోవచ్చు. నేల బాగుపడాలన్న మీ కోరిక అక్కడే సగం తీరుతుంది.

వేరుశనగను పూర్తిగా వదలకండి. మీ నాయనగారిని అడగండి, ఆయనే చెబుతారు: వాన ఎగ్గొట్టిన ఏడాది కాయ రాకపోయినా కట్టె (మేతకు పనికొచ్చే ఎండు వేరుశనగ చెట్టు) వస్తుంది. పప్పుజాతి పైరు కాబట్టి ఆ కట్టెలో జొన్న చొప్ప కంటే మాంసకృత్తులు ఎక్కువ. రెండు ఎకరాల కట్టెను వామి వేసి వాన తగలకుండా కప్పుకుంటే ఇరవై గొర్రెలకు వేసవిలో అదే ఆధారం.

రెండు హెచ్చరికలు. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. అందులోని మిమోసిన్ ఎక్కువైతే జీవాల బొచ్చు రాలుతుంది. వానలు ఎగ్గొట్టినప్పుడు బెట్టకు వచ్చిన లేత జొన్న, కోసిన తర్వాత మళ్ళీ చిగిర్చిన పిలకల జోలికి పశువులను పోనివ్వకండి. నాము (అలాంటి జొన్నలో ఉండే విషం) తిన్న ఆవు గంటలో పడిపోతుంది. మా ఇంట అలా ఒక పాడి ఆవు పోయింది.

కళ్యాణదుర్గం మెట్ట (ప్రశ్నించినవారు)

లెక్కలు చూశాక రాత్రి నిద్ర పట్టలేదు, అయినా ధన్యవాదాలు. ఒక్క సందేహం. పాలీహౌస్ కప్పు మీద పడే వాన నీటిని పట్టుకోవచ్చన్నది నా ఆశ. మా జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. 500 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 2,75,000 లీటర్లు పడతాయి. అందులో కొంత పోయినా రెండు లక్షల లీటర్లు కుంటలోకి మళ్ళించవచ్చు కదా? షేడ్‌నెట్‌తో ఆ అవకాశం ఉండదు.

డోన్ పశుపోషకుడు

లెక్క సరైనదే. కానీ ఆ నీటి కోసం పాలీహౌస్ కట్టడం నెయ్యి కోసం డెయిరీ పెట్టినట్టు అవుతుంది. జీవాల కొట్టం ఎలాగూ కడతారు. ఆవులకు తలా నాలుగు చదరపు మీటర్లు, గొర్రెకు ఒక్కటి, మేత నిల్వకు మిగిలినది కలిపి 60 చదరపు మీటర్ల రేకుల కప్పు వేసుకుంటే, దాని మీద పడే 33,000 లీటర్లలో 26,000 వరకు తొట్టిలోకి పట్టవచ్చు. జీవాలు రోజుకు 220 లీటర్లు తాగితే ఆ నీరు 120 రోజులు వస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా బోరు ఎలా ఉన్నా జీవాలకు దాహం ఉండదు. పొలానికి కావలసిన నీటికి ఉపాధి హామీ పథకం కింద సేద్యపు కుంట అడగండి. అది నిండుగా నిలవకపోయినా బోరు చుట్టుపక్కల నేలలోకి ఇంకుతుంది.

పులివెందుల నారుమడి (సమాధానం)

నేను కడప జిల్లా నుంచి రాస్తున్నాను. మూడు సెంట్ల షేడ్‌నెట్‌లో టమోటా, మిరప నారు పెంచి అమ్ముతున్నాను. పన్నెండు సెంట్లలో కూరగాయలు పండించడం కంటే నారు పెంచడం మీకు మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మీ కొరత భూమి కాదు, నీరు. దారులు పోగా మూడు సెంట్లలో దాదాపు 500 ప్రోట్రేలు పడతాయి. ఒక్కో ట్రేకు 98 గుంతలు. అంటే ఒక విడతకు 49,000 మొక్కలు, ఆరేడు ఎకరాల టమోటాకు సరిపోయేంత నారు. టమోటా నారు 25 నుంచి 30 రోజుల్లో, మిరప 35 నుంచి 40 రోజుల్లో సిద్ధమవుతుంది. రోజుకు 500 లీటర్ల నీరు చాలు. విడతకు ముందే రైతుల దగ్గర బయానా తీసుకున్నాకే విత్తనం వేస్తాను. ఆ నియమం తప్పిన రెండు విడతల్లో నారు ముదిరి దిబ్బలోకి పోయింది.

తర్వాత కూరగాయలు వేసినా పాలీహౌస్ కంటే షేడ్‌నెట్టే మంచిదనడానికి మరో కారణం ఉంది. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కప్పు కింద వాన పడదు కాబట్టి రోజూ డ్రిప్పుతో ఇచ్చే నీటిలోని ఉప్పు అక్కడే పేరుకుని, నాలుగైదేళ్ళలో ఆకుల అంచులు మాడడం మొదలవుతుంది. నెట్టులోంచి పడే వాన ఆ ఉప్పును కిందికి కడిగేస్తుంది. పచ్చి గొర్రె ఎరువును లోపల వేయడం కూడా నేను చేసిన తప్పే. దానిలోనూ ఉప్పు ఉంటుంది, వేడి ఉంటుంది. లేత మొక్కలు రెండు రోజుల్లో వాడిపోయాయి. నాలుగు నెలలు దిబ్బలో మాగిన తర్వాతే తేవాలి.

టమోటా, వంగ, మిరప ఒకదాని వెంట ఒకటి వేస్తే వేళ్ళ మీద బుడిపెలు వస్తాయి, అది నులిపురుగు. దానికి మన ఎండే మందు. ఏప్రిల్, మే నెలల్లో నేలను తడిపి, పలుచని పారదర్శక పాలిథిన్ కాగితం పరిచి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు వదిలేయండి. ఆ సమయంలో అక్కడ పంట లేకపోవడం వల్ల నీరు కూడా మిగులుతుంది. తర్వాత వేపపిండి వేసి ఒక విడత బంతి నాటండి. కీరదోస వేయాలనుకుంటే, పక్కలకు పురుగు వల కట్టిన చోటికి తేనెటీగ రాదని గుర్తుంచుకుని, పరాగ సంపర్కం లేకుండానే కాయ పట్టే రకం తెచ్చుకోండి.

షేడ్‌నెట్‌కు సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద ప్రభుత్వం నిర్ణయించిన ఖర్చులో సగం వరకు రాయితీ ఉంది. దరఖాస్తు మంజూరు కాకముందే పైపులు దించుకోకండి.

డోన్ పశుపోషకుడు

అమ్మా, మే నెల సంగతి మీరు చెప్పిన తీరు బాగుంది. నేలకు విశ్రాంతి, బోరుకు విశ్రాంతి ఒకేసారి.

జీవాల ఆరోగ్యం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం రాస్తాను. గొర్రెలను సంతలో ఒకేసారి ఇరవై కొనవద్దు. తెలిసిన మంద నుంచి ఆరు ఆడ గొర్రెలు, ఒక పొట్టేలుతో మొదలుపెట్టండి. అయిదు నెలల చూలు కాబట్టి రెండేళ్ళలో మంద దానంతట అదే పెరుగుతుంది, ఈలోగా మీ చేయి కూడా తిరుగుతుంది. మీ వైపు బళ్ళారి జాతి గొర్రె అలవాటుపడినదే, దూరం నుంచి కొత్త రకాలు తేవడం అనవసరం. తొలకరికి ముందే చిటుకు రోగం టీకా తప్పదు. లేత కసువు మీద పడి మేసిన బలమైన గొర్రెలే సాయంత్రానికి చచ్చి పడి ఉంటాయి. వానలకు ముందు, తర్వాత నట్టల మందు తాగించాలి. హింగారు (ఈశాన్య రుతుపవనాల) వానల తర్వాత దోమల్లాంటి కుట్టే చిన్న పురుగులు పెరిగినప్పుడు నీలినాలుక వ్యాధి వస్తుంది, దానికి కూడా టీకా ఉంది. ఆవులకు గాలికుంటు టీకాను పశు వైద్యశాలవారు ఏడాదికి రెండుసార్లు ఉచితంగా వేస్తారు.

మంద పెరిగేదాకా ఎరువు కోసం ఆగనక్కరలేదు. వేసవిలో కురుబల (గొర్రెల కాపరుల) మందలు మీ దారినే పోతాయి. వారితో మాట్లాడుకుని ఎకరానికి కొన్ని రాత్రులు మంద ఆపించండి. దిబ్బ ఎరువును బండిలో తోలే కూలి ఉండదు, మూత్రం కూడా నేలకే దక్కుతుంది. తెల్లవారగానే పైపైన దున్ని మట్టి కప్పకపోతే ఎండకు దాని బలం సగం గాలిలో కలిసిపోతుంది.

కళ్యాణదుర్గం మెట్ట (ప్రశ్నించినవారు)

మా నాయనతో కూర్చుని అందరి మాటలూ చదివి వినిపించాను. కట్టె గురించి రాసిన వాక్యం దగ్గర ఆయన మొదటిసారి నవ్వి, "ఇది నేను చెబితే నువ్వు వినలేదు" అన్నారు.

ఈ ఏడాదికి మేము అనుకున్నది ఇది. ఈ మేలో రెండు ఎకరాల్లో నవధాన్యాలు, తొలి వానకు పడమటి గట్టు మీద రెండు వరుసల చెట్లు. కొట్టం రేకులతో కట్టి, కప్పు నీటికి తొట్టి కట్టిస్తాము. దీపావళి తర్వాత ఒక ఆవు, ఏడు గొర్రెలు. నేపియర్ పది సెంట్లకే పరిమితం. షేడ్‌నెట్‌ను చెట్లు మనిషి ఎత్తు దాటిన తర్వాత మూడు సెంట్లలో నారు కోసం వేస్తాము; దరఖాస్తు మాత్రం ఈలోపే పెట్టుకుంటాను.

డోన్ అన్నగారికి ఒక చిన్న ప్రశ్న మిగిలింది. కొత్తగా నాటిన అవిశ మొక్కలను గొర్రెలు కొరకకుండా మొదటి ఏడాది ఎలా కాపాడుకోవాలి? ముళ్ళకంప చుట్టడం సరిపోతుందా?

డోన్ పశుపోషకుడు

సరిపోదు. మేక అయితే కంపను కూడా తింటుంది, గొర్రె సందులోంచి తల దూరుస్తుంది. గొర్రెలు దీపావళికి వస్తాయి కదా, చెట్లు తొలకరికే నాటుతున్నారు. ఆ అయిదు నెలల్లో అవిశ మీ తల దాటి ఎదుగుతుంది. వేప, కానుగ మాత్రం నిదానంగా పెరుగుతాయి కాబట్టి వాటికే కంప కట్టండి, మొదటి ఏడాది మందను ఆ గట్టు వైపు తోలకండి.